కీలు కదిలింపు సూత్రం, చికిత్సా వ్యాయామం: బిగుసుకున్న భుజం ఆధారంగా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఫిజియోథెరపీ విద్యలో చికిత్సా వ్యాయామం, కీళ్ళ మొబిలైజేషన్ పక్కపక్క అధ్యాయాలుగా బోధింపబడతాయి. వాటి వెనుక ఉన్న ఆధారాలు మాత్రం ఒకే స్థాయికి చెందినవి కావు. కీలు తలాల ఆకారాన్ని బట్టి చికిత్సకుని చేయి ఎముకను ఏ దిశలో జరపాలో నిర్ణయించే 'కుంభాకార-పుటాకార నియమం' పాఠ్యబోధనలో స్థిరసిద్ధాంతం హోదాను పొందింది. భుజం కీలుపై జరిగిన పరిశోధనలు ఈ వినియోగాన్ని బలపరచడం లేదు. బిగుసుకున్న భుజాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ నియమం పుట్టుక, దానికి ఎదురైన పరీక్షలు, మొబిలైజేషన్ మోతాదు, ఫలితాలను లెక్కించే పద్ధతి, వ్యాయామ నిర్దేశంలోని లోపాలు అనే అంశాలను ఈ వ్యాసం విమర్శనాత్మకంగా చర్చిస్తుంది. చేతి చికిత్స వల్ల కలిగే ఉపశమనాన్ని ఒప్పుకుంటూనే, ఆ ఉపశమనానికి మనం చెబుతున్న కారణాన్ని విడిగా పరీక్షించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫిజియోథెరపీ, చికిత్సా వ్యాయామం, మొబిలైజేషన్, బిగుసుకున్న భుజం, కుంభాకార-పుటాకార నియమం, కాల్టెన్‌బోర్న్, మెయిట్‌లాండ్.

1. ఉపోద్ఘాతం:

"చెయ్యి పైకి లేవడం లేదు", "జడ వేసుకోలేకపోతున్నాను", "రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేను" అంటూ భుజం బిగుసుకుపోయినవారు తమ బాధను తెలుగునాట ఎక్కడైనా ఇంచుమించు ఇవే మాటల్లో చెప్పుకుంటారు. వైద్య పరిభాషలో ఈ స్థితికి ఉన్న పేర్లు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు డ్యూప్లే 1872లో దీనిని కీలు చుట్టూ ఉండే కణజాలపు శోథగా వర్ణించాడు. అమెరికన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1934లో 'ఫ్రోజెన్ షోల్డర్' అన్నాడు. 1945లో జూలియస్ నెవియాసర్ 'అడ్హెసివ్ క్యాప్సులైటిస్' అని పేరు పెట్టాడు.

ఈ పేర్లలో కాడ్‌మన్ పెట్టినది కనిపించే స్థితిని మాత్రమే చెబుతుంది. నెవియాసర్ పెట్టినది కారణాన్ని కూడా తనలో ఇముడ్చుకుంది. కీలును చుట్టి ఉండే పొర ఎముకకు అతుక్కుపోయిందన్నది దాని అర్థం. తరువాతి పరిశీలనల్లో అతుకుల కంటే ఆ పొర దళసరెక్కి ముడుచుకుపోవడమే ప్రధానంగా కనిపించింది. 1995లో బంకర్, ఆంథొనీ ఈ మార్పును అరచేతిలోని తంతు కణజాలం ముడుచుకుపోయే డ్యూపిట్రెన్ వ్యాధితో పోల్చారు. అతుకుడు అన్న వివరణ బలహీనపడినా, ఆ వివరణతో పుట్టిన పేరు నేటికీ వాడుకలో ఉంది. ఆధారం సడలిన తరువాత కూడా వివరణ నిలిచిపోవడమనే ఈ లక్షణం వ్యాధి నామానికే పరిమితం కాలేదు. చికిత్సా సూత్రంలోనూ అది కనిపిస్తుంది. ఈ వ్యాసం దృష్టి పెట్టినది దానిమీదే.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. మధుమేహం ఉన్నవారిలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. 2016లో జ్రైక్ బృందం ప్రచురించిన పరిశోధనల సమాహార విశ్లేషణ ప్రకారం మధుమేహ రోగుల్లో ఇది 13.4 శాతం మందిలో కనిపించింది. మధుమేహం లేనివారితో పోలిస్తే దీని అవకాశం సుమారు 5 రెట్లు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు అంచనా వేసింది. ఇంత విస్తృతమైన సమస్యకు రోజూ అందుతున్న చికిత్స ఏ తర్కంపై నడుస్తోందో పరిశీలించడం అవసరం. ఆ తర్కం తప్పితే నష్టం ముందుగా రోగిదే. కూలి పోగొట్టుకొని వారాల తరబడి చికిత్సకు తిరిగేదీ, అనవసరమైన నొప్పిని భరించేదీ రోగే.

2. నియమం పుట్టుక - ప్రచారం:

కీలులో ఒక ఎముక తలం మరొక తలంపై మూడు విధాలుగా కదులుతుంది. బండి చక్రం బాటపై దొర్లినట్లు దొర్లుతుంది. బురదలో దిగబడిన చక్రం ముందుకు సాగకుండా ఉన్నచోటనే తిరిగినట్లు జారుతుంది. బొంగరంలా తన అక్షం చుట్టూ తాను తిరుగుతుంది. ఈ వర్గీకరణకు శాస్త్రరూపం ఇచ్చినవారిలో ఐరిష్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త మెకొనేల్ ముఖ్యుడు. నార్వే ఫిజియోథెరపిస్టు ఫ్రెడ్డీ కాల్టెన్‌బోర్న్ ఈ ఆలోచనను చికిత్సకు అన్వయించాడు. కదిలే తలం కుంభాకారమైతే దొర్లడం, జారడం వ్యతిరేక దిశల్లో జరుగుతాయి. కదిలే తలం పుటాకారమైతే రెండూ ఒకే దిశలో జరుగుతాయి. కాబట్టి ఒక కదలిక తగ్గినప్పుడు దానికి తోడుగా ఏ దిశలో జారుడు జరగాలో ఆకారాన్ని బట్టి ఊహించి, చేతితో ఆ దిశలో ఎముకను జరపాలన్నది నియమం నుండి తీసిన చికిత్సా సూచన.

దాదాపు అదే కాలంలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జెఫ్రీ మెయిట్‌లాండ్ వేరొక మార్గాన్ని రూపొందించాడు. వెన్నెముకపై ఆయన గ్రంథం 1964లో, చేతులు, కాళ్ళ కీళ్ళపై గ్రంథం 1970లో వెలువడ్డాయి. ఆయన పద్ధతికి మూలం తలాల ఆకారం కాదు. రోగిలో కలిగే ప్రతిస్పందన. కీలును లయబద్ధంగా ఊపే కదలికలను ఆయన నాలుగు శ్రేణులుగా విభజించాడు. మొదటి శ్రేణి కదలిక ఆరంభంలో ఇచ్చే చిన్న ఊపు. రెండవది హద్దును తాకని పెద్ద ఊపు. మూడవది హద్దు వరకు వెళ్ళే పెద్ద ఊపు. నాలుగవది హద్దు దగ్గరే ఇచ్చే చిన్న ఊపు. నొప్పి ప్రధానమైనప్పుడు మొదటి రెండు, బిగుతు ప్రధానమైనప్పుడు చివరి రెండు వాడటం పరిపాటి. చికిత్సకు ముందు, తరువాత కదలికను కొలిచి, మార్పును బట్టి తదుపరి అడుగు నిర్ణయించడం ఆయన పద్ధతికి ప్రాణం.

ఈ రెండు మార్గాలూ పాఠ్యగ్రంథాల్లో ఒకచోట చేరాయి. 1985లో తొలిసారి వెలువడి, అనేక ముద్రణలు పొందిన కిస్నర్, కోల్బీల చికిత్సా వ్యాయామ గ్రంథం ఇందుకు మంచి ఉదాహరణ. వ్యాయామ సూత్రాలతో పాటు కీళ్ళ మొబిలైజేషన్‌కు అది ప్రత్యేక అధ్యాయం కేటాయించింది. అయితే రెండింటిలో తరగతి గదికి సులభంగా అలవడింది నియమమే. దానిని పట్టిక వేయవచ్చు, కంఠస్థం చేయించవచ్చు, పరీక్షలో అడిగి మార్కులు వేయవచ్చు. రోగి ప్రతిస్పందనను చదవడమనే మెయిట్‌లాండ్ విద్య పట్టికకు లొంగదు. నియమం సిద్ధాంతంగా స్థిరపడటానికి దాని రుజువు కంటే ఈ బోధనా సౌలభ్యమే ఎక్కువగా తోడ్పడిందని భావించవచ్చు.

ఇక్కడ కాల్టెన్‌బోర్న్‌కు న్యాయం చేయాలి. ఎముకను అన్ని దిశల్లో జరిపి చూసి, ఎక్కడ అడ్డు తగులుతోందో చేతితోనే నిర్ధారించుకోవడాన్ని ఆయన ప్రత్యక్ష పద్ధతి అన్నాడు. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు గాని, కదలిక మరీ తక్కువగా ఉన్నప్పుడు గాని ఇది సాధ్యపడదు. అప్పుడు ఆశ్రయించవలసిన పరోక్ష పద్ధతిగా నియమాన్ని సూచించాడు. మూలంలో రెండవ స్థానంలో ఉన్నది బోధనలో మొదటి స్థానానికి ఎక్కింది.

3. నియమానికి ఎదురైన పరీక్ష:

భుజం కీలులో భుజాస్థి తల కుంభాకారం, రెక్క ఎముకలోని గుంట పుటాకారం. మోచేతిని పక్కటెముకలకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పడాన్ని బాహ్యభ్రమణం అంటారు. బిగుసుకున్న భుజంలో ఎక్కువగా దెబ్బతినే కదలికల్లో ఇదొకటి. నియమం ప్రకారం ఈ కదలికలో భుజాస్థి తల వెనక్కు దొర్లుతూ ముందుకు జారాలి. కాబట్టి బాహ్యభ్రమణం తగ్గిన రోగికి ఎముక తలను ముందుకు జరపాలి.

1990లో హారిమన్ బృందం మృతదేహాల నుండి సేకరించిన భుజం కీళ్ళలో ఎముక తల స్థానాంతరాన్ని కొలిచింది. చేతిని ముందుకు పైకెత్తినప్పుడు తల ముందుకు, చేతిని వెనక్కు చాచినప్పుడు వెనక్కు జరిగింది. కీలు పొర వెనుక భాగాన్ని కుట్టి బిగించినప్పుడు, చేతిని పైకెత్తే క్రమంలో తల ముందుకు జరగడం మరింత పెరిగింది, మరింత త్వరగా మొదలైంది. దీని నుండి గ్రహించవలసింది ఒకటుంది. కదలిక చివరి హద్దుల్లో ఎముక తల ఎటు జరుగుతుందో నిర్ణయించడంలో తలాల వంపుతో పాటు పొర బిగుతుకూ పెద్ద పాత్ర ఉంది. ఒక పక్క బిగిసిన పొర తలను ఎదుటి పక్కకు నెడుతుంది. బిగుసుకున్న భుజం అంటేనే పొర బిగిసిన భుజం. అంటే ఆరోగ్యవంతమైన కీలు ఆకారం నుండి తీసిన అంచనా ఎక్కువగా అవసరమయ్యే చోటనే తక్కువగా పనికివస్తుంది.

ఈ సందేహాన్ని రోగులపై పరీక్షించినది 2007లో జాన్సన్ బృందం. 20 మంది రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఎముక తలను ముందుకు, మరొక వర్గానికి వెనక్కు జరిపే మొబిలైజేషన్ చేశారు. 18 మంది చికిత్స పూర్తిచేశారు. 6 విడతల తరువాత వెనక్కు జరిపిన వర్గంలో బాహ్యభ్రమణం సగటున 31.3 డిగ్రీలు పెరిగింది. నియమం చెప్పినట్లు ముందుకు జరిపిన వర్గంలో పెరుగుదల 3 డిగ్రీలు మాత్రమే. నొప్పి మాత్రం రెండు వర్గాల్లోనూ తగ్గింది.

ఈ ఫలితాన్ని రెండు వైపుల నుండీ చదవాలి. 18 మందితో జరిగిన స్వల్పకాలిక పరీక్ష ఆధారంగా 'ఇకపై వెనక్కే జరపాలి' అని కొత్త నియమం రాసుకుంటే పాత పొరపాటే పునరావృతమవుతుంది. అదే సమయంలో, ఇంత తేడా వచ్చిన తరువాత పాత పట్టికను యథాతథంగా అప్పగించడం కూడా సమర్థనీయం కాదు. నొప్పి రెండు వర్గాల్లోనూ తగ్గడం మరొక సంగతిని చెబుతోంది. ఉపశమనం దిశపై ఆధారపడలేదు. ఉపశమనం కలిగింది కాబట్టి మనం ఎంచుకున్న దిశ సరైనదని అనుకునే చికిత్సకుడు తన సిద్ధాంతానికి లేని రుజువును చూస్తున్నాడు.

అదే ఏడాది బ్రాండ్ట్ బృందం భుజం కీలుకు ఈ నియమం ఎంతవరకు వర్తిస్తుందో పరిశోధనలను సమీక్షించి, తలాల ఆకారం ఒక్కటే చాలదనీ, కీలు పొర, స్నాయువులు, కండరాల నియంత్రణను కూడా లెక్కలోకి తీసుకోవాలనీ నిర్ధారించింది. 2012లో డొనాల్డ్ న్యూమన్ ఈ వివాదానికి ఉపయోగకరమైన స్పష్టత తెచ్చాడు. భుజాస్థి తల జారకుండా కేవలం పైకి దొర్లితే, చేయి 22 డిగ్రీలు లేచేసరికే పైనున్న 10 మిల్లీమీటర్ల ఖాళీ పూర్తయిపోతుంది. అలా జరగకపోవడానికి కారణం దొర్లడానికి ఎదురుగా జారడం కూడా ఉండటమే. అంటే ఎముక తల గుంట మధ్యలో ఎలా నిలబడుతుందో నియమం వివరిస్తుంది. చికిత్సలో ఏ దిశలో జరపాలో నిర్దేశించడం దాని ఉద్దేశం కాదన్నది ఆయన వాదం.

తలం జారడం వేరు, ఎముక మొత్తంగా స్థానం మారడం వేరు. బురదలో దిగబడిన చక్రం అంచు నేలపై జారుతూనే ఉంటుంది, ఇరుసు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. వర్ణనగా సరైన వాక్యాన్ని విధిగా మార్చినప్పుడు ఈ తేడా మరుగున పడింది.

4. మోతాదు ప్రశ్న:

దిశ తరువాత ఎదురయ్యేది బలం గురించిన ప్రశ్న. నొప్పి హద్దు దాటి లాగితేనే భుజం విడుతుందన్న నమ్మకం రోగుల్లోనూ ఉంది, కొందరు చికిత్సకుల్లోనూ ఉంది. నెదర్లాండ్స్‌లో జరిగిన రెండు అధ్యయనాలు దీనిని వేర్వేరు కోణాల నుండి పరిశీలించాయి.

2006లో వెర్‌మ్యూలెన్ బృందం 100 మంది రోగులపై యాదృచ్ఛిక పరీక్ష జరిపింది. ఒక వర్గానికి కదలిక చివరి హద్దులో ఉన్నత శ్రేణి మొబిలైజేషన్, మరొక వర్గానికి నొప్పి లేని పరిధిలో అల్ప శ్రేణి మొబిలైజేషన్ ఇచ్చారు. ఏడాది కాలంలో రెండు వర్గాలూ మెరుగుపడ్డాయి. కొన్ని కొలతల్లో ఉన్నత శ్రేణి వర్గం ముందంజలో ఉన్నా, రెండింటి మధ్య తేడా స్వల్పం.

2004లో డియర్క్స్, స్టీవెన్స్ 77 మంది రోగులను రెండేళ్ళ పాటు గమనించారు. ఒక వర్గానికి నొప్పి హద్దును దాటి సాగదీసే తీవ్ర చికిత్స ఇచ్చారు. రెండవ వర్గానికి వ్యాధి స్వభావాన్ని వివరించి, నొప్పి పరిధిలోనే వ్యాయామం, అనుమతించినంత మేరకు రోజువారీ పనులు చేసుకోమన్నారు. దీనికి వారు పెట్టిన పేరు 'పర్యవేక్షిత ఉపేక్ష'. రెండేళ్ళకు భుజం పనితీరు సాధారణ స్థాయికి, లేదా దాని దరిదాపులకు చేరినవారు రెండవ వర్గంలో 89 శాతం, తీవ్ర చికిత్స పొందిన వర్గంలో 63 శాతం. ఇది యాదృచ్ఛిక విభజన లేని అధ్యయనం కాబట్టి తేడా మొత్తాన్నీ చికిత్సకే ఆపాదించలేం. అయినా నొప్పిని మించి లాగడం తప్పనిసరి అన్న వాదాన్ని ఇది గట్టిగా ప్రశ్నిస్తుంది.

'ఉపేక్ష' అన్న పేరు కూడా ఆలోచించదగినదే. ఆ వర్గంలోని రోగులు ఉపేక్షకు గురికాలేదు. వారికి వివరణ అందింది, వ్యాయామం అందింది, పర్యవేక్షణ అందింది. అందనిది చికిత్సకుని చేయి చేసే బలప్రయోగం ఒక్కటే. అది లేకపోవడాన్నే ఉపేక్ష అనడంలో, చికిత్స అంటే చికిత్సకుడు రోగికి చేసేదే అన్న భావన దాగి ఉంది. రోగి తనంతట తాను చేసుకునేదానికి చికిత్స హోదా దక్కలేదు.

5. ఫలితం ఎవరి ఖాతాలోకి?

2014లో పేజ్ బృందం రూపొందించిన కాక్రేన్ సమీక్ష ఈ వ్యాధిలో చేతి చికిత్స, వ్యాయామాలపై 32 పరీక్షలను, 1836 మంది రోగుల సమాచారాన్ని పరిశీలించింది. చేతి చికిత్స, వ్యాయామం కలిపి ఇచ్చిన రోగులను ఉత్తుత్తి చికిత్సతోగాని, ఏ చికిత్సా లేని స్థితితోగాని పోల్చిన పరీక్ష వాటిలో ఒక్కటీ లేదు. స్వల్పకాలంలో ఈ జోడింపు స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంత ప్రభావం చూపకపోవచ్చునని సమీక్ష అభిప్రాయపడింది. రెండింటినీ కలిపి ఇచ్చినప్పుడు ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కూడా కష్టమే. జాన్సన్ పరీక్షలో సైతం మొబిలైజేషన్‌తో పాటు అల్ట్రాసౌండ్, చేతి వ్యాయామ యంత్రం రెండు వర్గాలకూ ఉన్నాయి.

కాలం కూడా ఫలితంలో వాటా కోరుతుంది. బిగుసుకున్న భుజం చాలామందిలో క్రమంగా మెరుగవుతుంది. దానంతట అదే పూర్తిగా నయమవుతుందనడానికి మాత్రం ఆధారం చాలదు. 1992లో షాఫర్ బృందం 62 మంది రోగులను సగటున 7 ఏళ్ళ తరువాత పరీక్షించినప్పుడు, సగం మందిలో కొద్దిపాటి నొప్పి గాని, బిగుతు గాని, రెండూ గాని మిగిలే ఉన్నాయి. ఈ రెండు సంగతులనూ కలిపి చూడాలి. రోగి మెరుగైన ప్రతిసారీ ఘనత చికిత్సదే అనలేం. కాలమే నయం చేస్తుందని రోగిని వదిలేయనూలేం.

2020లో లాన్సెట్ పత్రికలో వెలువడిన యూకే ఫ్రాస్ట్ పరీక్ష ఈ రంగంలో పెద్దది. 503 మంది రోగుల్లో మూడు చికిత్సలను పోల్చారు. మొదటిది స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కూడిన క్రమబద్ధమైన ఫిజియోథెరపీ. రెండవది మత్తుమందు ఇచ్చి భుజాన్ని విడదీయడం. మూడవది ఆర్థ్రోస్కోప్ ద్వారా పొరను కోసి విడిపించే శస్త్రచికిత్స. ఏడాది చివర ఏ ఒక్కటీ మిగిలినవాటి కంటే చెప్పుకోదగినంత మెరుగుగా తేలలేదు. శస్త్రచికిత్స అవసరం లేకుండానే చాలామందికి మార్గం ఉందని ఇది సూచిస్తుంది. ఫిజియోథెరపీ వృత్తికి ఇది గౌరవప్రదమైన ఫలితం. అయితే ఇది ఇంజెక్షన్, చేతి చికిత్స, ఇంటి వ్యాయామం కలిసిన మొత్తం ప్రణాళికకు దక్కిన ఫలితం. అందులోని ఒక మెళకువకు దీనిని రుజువుగా చూపడం తగదు.

మరి చేతి స్పర్శ వల్ల ఉపశమనం ఎలా కలుగుతోంది? 2009లో బియలోస్కీ బృందం ప్రతిపాదించిన నమూనా ప్రకారం చేతితో ఇచ్చే యాంత్రిక బలం నాడీవ్యవస్థలో వరుస ప్రతిస్పందనలను రేపుతుంది. నొప్పి తగ్గడం, కండరాల బిగువు సడలడం, చికిత్సపై రోగి పెట్టుకున్న ఆశ ఇవన్నీ అందులో భాగాలు. ఎముక నిర్దిష్ట దిశలో ఇన్ని మిల్లీమీటర్లు జరిగినందువల్లే మేలు కలిగిందన్న వివరణ కంటే, రెండు దిశల్లోనూ నొప్పి తగ్గిన వాస్తవానికి ఇది దగ్గరగా ఉంది.

6. వ్యాయామ నిర్దేశంలో లోపం:

మొబిలైజేషన్‌కు దిశ, శ్రేణి, లయ, వ్యవధి అంటూ ఇంత పరిభాష ఉండగా, వ్యాయామం విషయంలో రోగికి తరచుగా అందేది "రోజూ ఎక్సర్‌సైజులు చేయండి" అన్న ఒక్క వాక్యమే. 'మందులు వాడండి' అని మాత్రమే రాసి ఏ మందో, ఎంతో, ఎన్ని పూటలో రాయని చీటీ లాంటిది ఇది. పరిశోధన పత్రాల్లోనూ ఈ లోపం ఉంది. అందుకే 2016లో నిపుణులు వ్యాయామ వివరాలను నివేదించడానికి 'సెర్ట్' పేరుతో 16 అంశాల నమూనాను రూపొందించవలసి వచ్చింది. ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, ఏ తీవ్రతతో, ఎవరి పర్యవేక్షణలో, ఎప్పుడు పెంచాలి, రోగి నిజంగా చేశాడో లేదో ఎలా తెలుసుకోవాలి అనేవి అందులో ముఖ్యమైనవి.

బిగుసుకున్న భుజానికి వాడే వ్యాయామాలు ఖరీదైనవి కావు. ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడం, గోడపై వేళ్ళు పాకిస్తూ చేతిని పైకి తీసుకెళ్ళడం, గిలకపై తాడు వేసి బాగున్న చేతితో బిగిసిన చేతిని ఎత్తడం, రెండు చేతులతో కర్ర పట్టుకొని ముంజేతిని బయటికి నెట్టడం వంటివి ఏ ఇంట్లోనైనా సాధ్యమే. బావి గిలక తెలిసిన మన రోగికి మూడవ వ్యాయామాన్ని ఒక్క మాటలో అర్థం చేయించవచ్చు. లక్ష్యాన్ని కూడా డిగ్రీల్లో కాకుండా పనుల్లో చెప్పవచ్చు. జడ వేసుకోవడానికి, తలకు నూనె రాసుకోవడానికి చేయి పైకి లేవాలి, బయటికి తిరగాలి. వీపు రుద్దుకోవడానికి, రవిక హుక్కులు పెట్టుకోవడానికి లోపలికి తిరిగి వెనక్కు వెళ్ళాలి. అటక మీది గిన్నె అందుకోవడానికి రెక్క ఎముక కూడా సహకరించాలి. కోణమాపకం చూపే అంకె చికిత్సకునికి అవసరం. ఈ పనుల జాబితా రోగికి అవసరం.

మోతాదు చెప్పడంలో భాష ప్రధాన సాధనం. నొప్పిని 0 నుండి 10 వరకు అంకెల్లో చెప్పమనడం అలవాటు. తెలుగులో నొప్పికి అంతకంటే సూక్ష్మమైన భేదాలు ఉన్నాయి. లాగుడు, తీపు, సలుపు, పోటు ఒకటి కావు. "వ్యాయామం చేసేటప్పుడు లాగినట్లు అనిపించవచ్చు, పోటు రాకూడదు. రాత్రి సలుపు పెరిగితే మరునాడు తగ్గించండి" అన్న సూచన రోగి వెంటనే గ్రహించి పాటించగలిగే మోతాదు. పైన చర్చించిన డచ్చి అధ్యయనాల సారం కూడా ఈ వాక్యంలో ఇమిడిపోతుంది.

చికిత్సకుని మాటల్లో మరొక ప్రమాదం ఉంది. "కీలు తప్పింది, సరిచేశాను" అన్న వివరణ రోగికి వెంటనే అర్థమవుతుంది, నమ్మకం కూడా కలిగిస్తుంది. కాని బిగుసుకున్న భుజంలో కీలు తప్పదు. ఆ మాట విన్న రోగి మళ్ళీ తప్పుతుందేమోనన్న భయంతో చేతిని కదపడం మానేస్తాడు, లేదా ప్రతి నొప్పికీ సరిచేసే చేయిని వెతుక్కుంటూ వస్తాడు. రెండూ వ్యాయామానికి విఘాతాలే. "మీ కీలు పొర బిగిసింది. నొప్పి తగ్గేలా కాస్త కదిపాను. ఇప్పుడు మీరు కదుపుకుంటేనే ఈ మెరుగు నిలుస్తుంది" అనడం మరింత నిజం, మరింత ఉపయోగం. 'మొబిలైజేషన్' అనే మాటకు నిఘంటువుల్లో కనిపించే 'సమీకరణ' ఇక్కడ పొసగదు. 'కీలు కదిలింపు' అన్న తేలిక మాట ఆ ప్రక్రియ ఎంత చేయగలదో అంతే చెబుతుంది.

7. అభ్యంతరాలు - సమాధానాలు:

ఈ వాదానికి మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది అనుభవానికి సంబంధించినది. నియమాన్ని పాటించి ఎంతోమంది రోగులను మెరుగుపరిచిన చికిత్సకుల అనుభవాన్ని చిన్న పరీక్షలు కొట్టివేయగలవా అన్నది ప్రశ్న. ఇక్కడ కొట్టివేస్తున్నది అనుభవాన్ని కాదు. రోగి మెరుగయ్యాడన్నది పరిశీలన. ఫలానా దిశలో జరపడం వల్ల మెరుగయ్యాడన్నది వ్యాఖ్యానం. మొదటిదానిని అంగీకరిస్తూనే రెండవదానిని సందేహించవచ్చు.

రెండవది, తీవ్రమైన నొప్పిలో ఉన్న రోగి వ్యాయామమే చేయలేడన్నది. ఇది బలమైన అభ్యంతరం. అలాంటి దశలో మృదువైన కీలు కదిలింపు నొప్పిని తగ్గించి వ్యాయామానికి అవకాశం కల్పించవచ్చు. మొబిలైజేషన్‌కు సముచితమైన స్థానం అదే. ఆ అవకాశాన్ని వినియోగించే వ్యాయామం వెంటనే రాకపోతే మాత్రం కదిలింపు ప్రయోజనం అక్కడితో ఆగిపోతుంది.

మూడవది, భుజంపై తేలినదాన్ని ఇతర కీళ్ళకు వర్తింపజేయవచ్చా అన్నది. వర్తింపజేయకూడదు. మోకాలి తలాల ఆకారం వేరు, స్నాయువుల కట్టు వేరు. ఏ కీలుకు ఆ కీలులో విడిగా పరీక్ష జరగాలన్నదే ఈ వ్యాస ప్రతిపాదన. ఒకే పట్టికను అన్ని కీళ్ళకూ వర్తింపజేసే అలవాటుపైనే ఇక్కడి విమర్శ.

8. ముగింపు:

పై చర్చ నుండి తేలిన అంశాలు ఇవి.

• కుంభాకార-పుటాకార నియమం కీలు కదలికకు ఉపయోగకరమైన వర్ణన. భుజం చికిత్సలో దిశను నిర్ణయించే విధిగా దానికి తగిన ఆధారం లేదు.

• బిగుసుకున్న భుజంలో నొప్పిని మించిన బలప్రయోగం తప్పనిసరి అన్న భావనను అందుబాటులో ఉన్న అధ్యయనాలు సమర్థించడం లేదు.

• చేతి చికిత్స, వ్యాయామం, ఇంజెక్షన్, కాలం కలిసి ఇచ్చిన ఫలితాన్ని ఒక్క మెళకువ ఖాతాలో వేయడం శాస్త్రీయం కాదు.

• వ్యాయామానికి మోతాదు, పురోగతి, లక్ష్యం స్పష్టంగా రాయాలి. వాటిని రోగి మాట్లాడే తెలుగులో చెప్పాలి.

బోధనలో చేయవలసిన మార్పు పెద్దది కాదు. నియమాన్ని పాఠం నుండి తీసివేయనవసరం లేదు. దానిని చెప్పిన గంటలోనే హారిమన్ కొలతలనూ, జాన్సన్ ఫలితాన్నీ, న్యూమన్ వివరణనూ చెప్పాలి. పరీక్షలో 'నియమాన్ని రాయండి' అన్న ప్రశ్నకు బదులు 'ఈ రోగికి మీరు ఎంచుకున్న దిశ పనిచేయకపోతే ఎలా గుర్తిస్తారు, తరువాత ఏమి చేస్తారు' అని అడగాలి. ముందు కొలవడం, చేయడం, మళ్ళీ కొలవడం అనే మెయిట్‌లాండ్ క్రమశిక్షణ అప్పుడు విద్యార్థికి అలవడుతుంది.

2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఫిజియోథెరపీని తన పరిధిలోకి తెచ్చి, విద్యకు, వృత్తికి ప్రమాణాలు నిర్దేశించే మార్గం ఏర్పరచింది. చట్టం హోదాను ఇవ్వగలదు. తన సూత్రాలను తానే పరీక్షించుకొని, నిలవనివాటిని సవరించుకునే అలవాటును మాత్రం వృత్తిలో ఉన్నవారూ, దానిని బోధించేవారూ తరగతి గదిలోనే పెంచుకోవాలి. ఆ అలవాటు ఫలితాన్ని అంతిమంగా కొలవవలసింది ఒకచోటనే. చికిత్స ముగించుకొని ఇంటికి వెళ్ళిన మనిషి తన భుజాన్ని తానే చూసుకోగలుగుతున్నాడా, లేక మరో విడత కోసం తిరిగి రావలసి వస్తోందా అన్నదే ఆ కొలత.